అంబులెన్స్‌లోనే మొదలయ్యే వైద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అంబులెన్స్‌లో పారామెడిక్‌లు వాడే పరికరాల గురించి ఈమధ్య చాలా ఉత్తరాలు అందాయి. ఒకే సంగతిని రకరకాలుగా అడిగినవాటిని కలిపి, అందరికీ పనికివచ్చే ప్రశ్నలను ఇక్కడ తీసుకున్నాను. ఏ పరికరం గురించి చెప్పవలసి వచ్చినా ఒకే కొలమానంతో చూశాను: అది తెలియజేసిన సమాచారం వల్ల రోగికి అప్పటికప్పుడు చేసే వైద్యమో, తీసుకువెళ్ళవలసిన ఆసుపత్రో, అక్కడ ముందుగా చేయవలసిన ఏర్పాట్లో మారుతున్నాయా లేదా అన్నదే ఆ కొలమానం. అవేవీ మారనప్పుడు, ఎంత కొత్త పరికరమైనా వాహనానికి బరువు మాత్రమే.

ప్రశ్న: మా నాన్నగారికి ఛాతీలో నొప్పి వస్తే అంబులెన్స్‌ను పిలిచాం. వచ్చినవారు ఆయనను వెంటనే ఎక్కించుకుని బయలుదేరకుండా, మంచం మీదే పడుకోబెట్టి ఈసీజీ తీశారు. ఆ తరువాత దగ్గరలో ఉన్న ఆసుపత్రిని దాటుకుని దూరంగా ఉన్న మరో ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అంత సమయం పోగొట్టడం సరైనదేనా?

జవాబు: మీ ఆందోళన సహజం. నొప్పితో విలవిలలాడుతున్న తండ్రి పక్కన నిలబడిన బిడ్డలకు ఒక్కొక్క నిమిషమూ ఎంతో దీర్ఘంగా తోస్తుంది. అయినా ఆ సిబ్బంది చేసింది సరైన పనే. ఛాతీ నొప్పి ఉన్న రోగిని చేరిన 10 నిమిషాలలోపు పన్నెండు లీడ్ల ఈసీజీ తీయాలని గుండె వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఛాతీ మీద ఆరు, చేతులకూ కాళ్ళకూ నాలుగు ఎలక్ట్రోడ్లు అంటించి, గుండెలోని విద్యుత్ ప్రవాహాన్ని పన్నెండు దిశల నుంచి నమోదు చేసే పరీక్ష అది. గుండె కండరానికి రక్తాన్ని అందించే ధమని గడ్డతో పూర్తిగా మూసుకుపోయినప్పుడు, సాధారణంగా ఆ గీతలో ఎస్‌టీ అనే భాగం పైకి లేస్తుంది. ఏయే లీడ్లలో లేచిందో చూసి గుండెలో ఏ గోడ దెబ్బతింటున్నదో అంచనా వేస్తారు.

ఆ రకం గుండెపోటుకు మూసుకున్న ధమనిని బెలూన్, స్టెంట్లతో తెరవడమే అన్నిటికన్నా మేలైన చికిత్స. అందుకు కావలసిన క్యాథ్ ల్యాబ్ ప్రతి ఆసుపత్రిలోనూ ఉండదు. అది లేని ఆసుపత్రికి ముందు చేరితే అక్కడ ఈసీజీ తీయడం, వైద్యుడు వచ్చి చూడడం, మరో ఆసుపత్రితో మాట్లాడడం, మళ్ళీ ఒక వాహనం కోసం వేచి ఉండడం వంటి పనులన్నీ పూర్తయ్యేసరికి, ఇంటి దగ్గర పోయిందనుకున్న కొద్ది నిమిషాలకు ఎన్నో రెట్లు పోతాయి. అదే ఈసీజీని ఇంటి నుంచే మొబైల్ నెట్‌వర్క్ ద్వారా పంపితే, అంబులెన్స్ దారిలో ఉండగానే గుండె వైద్యుడు దానిని చదివి తన బృందాన్ని పిలిపించుకుంటాడు. రాత్రివేళ ఆ బృందంలో చాలామంది ఇళ్ళలోనే ఉంటారు కనుక ఈ ముందస్తు పిలుపుకు విలువ మరీ ఎక్కువ. రోగిని క్యాజువాలిటీలో ఆపకుండా నేరుగా క్యాథ్ ల్యాబ్‌లోకి తీసుకువెళ్ళడానికి వీలవుతుంది. వైద్య సిబ్బంది రోగిని మొదట కలిసిన క్షణం నుంచి ధమని తెరుచుకునేవరకు 90 నిమిషాలకు మించకూడదన్నది విస్తృతంగా పాటించే లక్ష్యం. 120 నిమిషాలలోపు అది సాధ్యం కాదని తేలితే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి. కొన్ని దేశాలలో శిక్షణ పొందిన పారామెడిక్‌లు, వైద్యుడితో మాట్లాడి, ఆ ఇంజెక్షన్‌ను అంబులెన్స్‌లోనే ఇస్తున్నారు.

ఇంకొక ప్రయోజనాన్ని చాలామంది గమనించరు. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు ఈసీజీలో కనిపించిన మార్పు, ఆసుపత్రికి చేరేసరికి తాత్కాలికంగా మాయమయ్యే అవకాశం ఉంది. ఇంట్లో తీసిన ఆ కాగితమే లేకపోతే రోగిని గ్యాస్ నొప్పి అనుకుని పంపివేసే ప్రమాదం ఉంటుంది. దీనికి రెండో వైపు కూడా చెప్పాలి: మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండెపోటు లేదని చెప్పలేము. అందుకే నొప్పి కొనసాగుతుంటే దారిలో మళ్ళీ మళ్ళీ తీస్తారు.

వైద్యాన్ని రోగి దగ్గరికే తీసుకువెళ్ళాలన్న ఈ ఆలోచన కొత్తది కాదు. బెల్ఫాస్ట్‌లోని రాయల్ విక్టోరియా ఆసుపత్రి వైద్యుడు ఫ్రాంక్ ప్యాంట్రిడ్జ్ 1966లో గుండె రోగుల కోసం ఒక సంచార వైద్య విభాగాన్ని ప్రారంభించారు. గుండెపోటు మరణాలలో అధికభాగం ఆసుపత్రికి చేరకముందే జరుగుతున్నాయని గ్రహించి, గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే, కారు బ్యాటరీలతో నడిచే డీఫిబ్రిలేటర్‌ను అంబులెన్స్‌లోకి ఎక్కించారు. ఆ యంత్రం బరువు దాదాపు 70 కిలోలు. మరుసటి ఏడాది అమెరికాలోని మయామీలో యూజీన్ నేగెల్ అనే వైద్యుడు, అగ్నిమాపక సిబ్బంది తీసిన ఈసీజీని రేడియో ద్వారా ఆసుపత్రికి చేర్చే పద్ధతిని అమలులోకి తెచ్చారు. మీ నాన్నగారి ఈసీజీ ఫోను ద్వారా వెళ్ళిన దారికి ఆరంభం అదే.

ప్రశ్న: గుండె ఆగిపోయిన మనిషికి అంబులెన్స్‌వారు షాక్ ఇవ్వకుండా ఛాతీ నొక్కుతూనే ఉన్నారని మా బంధువులు ఇప్పటికీ బాధపడుతుంటారు. యంత్రం చేతిలో ఉండి కూడా ఎందుకు వాడలేదు? ఛాతీ నొక్కే యంత్రాలు కూడా వచ్చాయి కదా, అవి మనుషులకంటే మేలు కాదా?

జవాబు: ముందు ఒక తేడా చెప్పాలి. గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం అందకపోవడం. ఆ రోగి మాట్లాడుతూ, నడుస్తూ కూడా ఉండవచ్చు. గుండె ఆగిపోవడం అంటే అది రక్తాన్ని నెట్టడం మానివేయడం. అప్పుడు మనిషి కుప్పకూలి స్పృహ కోల్పోతాడు, మామూలుగా ఊపిరి తీసుకోడు. ఈ రెండో స్థితిలో గుండె లయ ప్రధానంగా రెండు రకాలుగా ఉంటుంది. గుండె గదులు అడ్డదిడ్డంగా వణికిపోతున్నా, లేదా నాడి అందనంత వేగంగా కొట్టుకుంటున్నా డీఫిబ్రిలేటర్ ఇచ్చే షాక్ ఆ గందరగోళాన్ని ఒక్కసారిగా ఆపి, గుండె తన సహజ లయను తిరిగి అందుకునే అవకాశం ఇస్తుంది. గీత పూర్తిగా చదునుగా ఉన్నప్పుడు గానీ, విద్యుత్ లయ కనిపిస్తున్నా కండరం కదలనప్పుడు గానీ షాక్ పనిచేయదు. ఆగిన గుండెను షాక్ నడిపిస్తుందన్న నమ్మకం ఎంతో బలంగా నాటుకుపోయింది కాని, అది నిజం కాదు. మీ బంధువు విషయంలో యంత్రం ఆ లయను చదివి షాక్ అవసరం లేదని చెప్పి ఉండాలి. అప్పుడు ఛాతీ నొక్కడం, శ్వాస అందించడం, అడ్రినలిన్ ఇవ్వడం, గుండె ఆగడానికి గల కారణాన్ని వెతకడం మాత్రమే మిగిలిన వైద్యం. వారు చేయగలిగినది మానివేయలేదు అని మీ కుటుంబానికి చెప్పండి.

ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారిలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. రెండు నిమిషాలు గడిచేసరికి ఎంత బలవంతుడికైనా చేతులు అలసి లోతు తగ్గుతుంది. అందుకని కొత్త డీఫిబ్రిలేటర్ల ప్యాడ్లలో కదలికను కొలిచే సెన్సార్‌ను అమర్చి, ‘ఇంకా లోతుగా’, ‘కొంచెం నిదానంగా’ అని యంత్రమే హెచ్చరించేలా చేశారు. నన్ను అడిగితే, అంబులెన్స్ పరికరాలలో తగినంత గుర్తింపు రానిది ఇదే. మనిషి చేస్తున్న పనిని మనిషి చేతనే, ఆ క్షణంలోనే సరిచేయిస్తుంది.

మీరడిగిన ఛాతీ నొక్కే యంత్రం సంగతి వేరు. అలసట లేకుండా ఒకే లోతులో, ఒకే వేగంతో నొక్కుతుంది కనుక అది తప్పక ఎక్కువ ప్రాణాలను కాపాడుతుందని అందరూ ఆశించారు. 2014, 2015 సంవత్సరాలలో ఐరోపాలో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలలో, యంత్రంతో నొక్కినవారికీ చేతులతో నొక్కినవారికీ మధ్య ప్రాణాలు దక్కడంలో తేడా కనిపించలేదు. యంత్రాన్ని అమర్చేటప్పుడు నొక్కడం ఆగిపోయే ఆ కొద్ది క్షణాలు కూడా నష్టమే కావచ్చు. అయినా కదులుతున్న వాహనంలో, మలుపుల దగ్గర నిలబడి నొక్కవలసిన పారామెడిక్ తన ప్రాణాన్నీ పణంగా పెడుతున్నాడు. ఇరుకు మెట్ల మీదుగా రోగిని దించవలసి వచ్చినా, గంటల తరబడి కొనసాగించవలసి వచ్చినా ఆ యంత్రం అవసరమే. ప్రతి రోగికీ వాడితే లాభం లేదు, కొన్ని పరిస్థితులలో అది లేకుండా గడవదు.

ప్రశ్న: వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. ఆక్సిజన్ 97, 98 చూపిస్తుంటే ఇక ఊపిరి గురించి భయం అక్కరలేదు కదా? మరి అంబులెన్స్‌లో అదనంగా కార్బన్ డయాక్సైడ్‌ను కూడా ఎందుకు కొలుస్తున్నారు?

జవాబు: జపాన్‌కు చెందిన ఇంజనీరు తకువో అవోయాగి 1970ల మొదటి సంవత్సరాలలో కనిపెట్టిన సూత్రం మీద పల్స్ ఆక్సీమీటర్ నడుస్తుంది. ఎర్రని కాంతినీ, కంటికి కనిపించని పరారుణ కాంతినీ వేలి గుండా పంపి, ఆక్సిజన్ ఉన్న రక్తమూ లేని రక్తమూ వాటిని ఎంతెంత పీల్చుకుంటున్నాయో పోల్చి లెక్క కడుతుంది. ఎంతో ఉపకారి. కాని అది చెప్పేది రక్తంలో ఆక్సిజన్ ఎంత నిండి ఉందో మాత్రమే, మనిషి ఊపిరి ఎలా తీసుకుంటున్నాడో కాదు. ఊపిరి ఆగిపోయిన తరువాత కూడా, ముఖ్యంగా రోగికి అప్పటికే ఆక్సిజన్ పెట్టి ఉంటే, ఆ అంకె కొన్ని నిమిషాలపాటు చెక్కుచెదరకుండా నిలిచి ఉండవచ్చు. పొగ నిండిన గదిలో చిక్కుకున్నవారి రక్తంలో చేరిన కార్బన్ మోనాక్సైడ్‌ను మామూలు ఆక్సీమీటర్ ఆక్సిజన్‌గానే భ్రమపడుతుంది. అందువల్ల ప్రాణాపాయంలో ఉన్న మనిషికి కూడా మంచి అంకె చూపిస్తుంది. చేతులు చల్లబడినా, రక్తపోటు బాగా పడిపోయినా అంకె నమ్మదగినదిగా ఉండదు. నల్లని చర్మం గలవారిలో నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం హెచ్చని 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం గట్టిగా గుర్తుచేసింది. మన చర్మపు రంగులను తలచుకుంటే, ఇది తెలుగు పాఠకులు పట్టించుకోవలసిన సంగతే.

విడిచే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే పద్ధతిని క్యాప్నోగ్రఫీ అంటారు. ఆరోగ్యవంతులలో ఊపిరి విడిచే చివరన అది 35 నుంచి 45 పాదరస మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, ప్రతి శ్వాసకూ తెరమీద ఒక గీత లేస్తుంది. ఊపిరి నెమ్మదిస్తే, ఆగిపోతే ఆ గీత వెంటనే చెబుతుంది. స్పృహలేని రోగి గొంతులోకి శ్వాస గొట్టం వేసినప్పుడు దీని అవసరం మరీ ఎక్కువ. గొట్టం శ్వాసనాళంలోకి బదులు పక్కనే ఉన్న అన్నవాహికలోకి వెళితే, గమనించకపోతే రోగి మరణిస్తాడు. కుదుపుల మధ్య, అరుపుల మధ్య స్టెతస్కోప్‌తో విని దానిని నిర్ధారించడం కష్టం. శ్వాసకు శ్వాసకు గీత లేస్తుంటే గొట్టం సరైన చోట ఉన్నట్టు, లేవకపోతే తప్పుచోట ఉన్నట్టే భావించి వెంటనే సరిచూడాలి. వాహనంలోకి ఎక్కించేటప్పుడో దించేటప్పుడో గొట్టం జారిపోయినా తెలిసిపోతుంది. గొట్టం వేసి, ఈ గీత చూడకుండా ప్రయాణం చేయడం ఈ రోజులలో క్షమించరాని పని అని నా గట్టి అభిప్రాయం.

ఛాతీ నొక్కుతున్నప్పుడు కూడా ఇది మార్గం చూపుతుంది. బాగా నొక్కుతుంటే రక్తం ఊపిరితిత్తులకు చేరి కార్బన్ డయాక్సైడ్ కొంత బయటికి వస్తుంది. అది ఒక్కసారిగా పెరిగితే గుండె తిరిగి కొట్టుకోవడం మొదలైందేమోనని చూస్తారు.

గొట్టమే వేయాలన్న పట్టుదల కూడా ఇప్పుడు తగ్గింది. గొంతు వెనుక అమర్చే మెత్తని శ్వాస సాధనాలు తక్కువ శిక్షణతో, తక్కువ సమయంలో పెట్టగలిగినవి. గుండె ఆగిన రోగులలో ఇవి గొట్టానికి ఏమాత్రం తీసిపోవని 2018లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనలు చూపాయి.

ప్రశ్న: ఛాతీ నొప్పి వచ్చిన ప్రతివారికీ ఆక్సిజన్ పెట్టాలా? మా అత్తగారికి పెట్టలేదు.

జవాబు: అవసరం లేదు. ఒకప్పుడు అందరికీ పెట్టేవారు. స్వీడన్‌లో 6,000 మందికి పైగా రోగులతో జరిపి 2017లో ప్రకటించిన పరిశోధనలో, రక్తంలో ఆక్సిజన్ 90 శాతం లేదా అంతకన్నా ఎక్కువగా ఉన్న గుండెపోటు అనుమానితులకు అదనపు ఆక్సిజన్ వల్ల మరణాలు తగ్గలేదు. ఆక్సిజన్ తక్కువగా ఉన్నప్పుడు మాత్రం అది తప్పనిసరి మందు.

ప్రశ్న: పక్షవాతం వచ్చినవారికి అంబులెన్స్‌లోనే స్కాన్ తీసి ఇంజెక్షన్ ఇస్తున్నారని చదివాను. ఇది నిజమేనా? అలాంటి వాహనాలు అన్నిచోట్లా ఎందుకు లేవు?

జవాబు: నిజమే. పక్షవాతంలో రెండు రకాలున్నాయి. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడడం ఒకటి, రక్తనాళం చిట్లి మెదడులో రక్తం చిమ్మడం రెండోది. మొదటిదానికి గడ్డను కరిగించే మందు ప్రాణం పోస్తుంది, రెండోదానికి అదే మందు ప్రాణం తీస్తుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి: ముఖం ఒకవైపు జారడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం. తేడా తేల్చేది స్కాన్ ఒక్కటే. సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఆ మందు ఇవ్వాలి, ఎంత ముందుగా ఇస్తే అంత మేలు. పెద్ద రక్తనాళం మూసుకున్నప్పుడు చికిత్స లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అంచనా వెలువడింది.

ఈ కారణంతోనే జర్మనీలోని హోంబుర్గ్‌లో క్లౌస్ ఫాస్‌బెండర్ బృందం 2008లో సీటీ స్కానర్ ఉన్న తొలి స్ట్రోక్ అంబులెన్స్‌ను రోడ్డు మీదికి తెచ్చింది. వాహనంలోనే తల స్కాన్, రక్తపరీక్షలు, నాడీ వైద్యుడు, లేదా వీడియో ద్వారా ఆయన సలహా, ఇవన్నీ అందుబాటులో ఉంటాయి. బెర్లిన్‌లోనూ, అమెరికాలోని పలు నగరాలలోనూ జరిపిన పెద్ద పరిశోధనల ఫలితాలు 2021లో వచ్చాయి. ఈ వాహనం చేరిన రోగులకు మందు ముందుగా అందింది, మూడు నెలల తరువాత వారిలో వైకల్యం తక్కువగా ఉంది. అంబులెన్స్ పరికరాలలో ఇంత బలమైన రుజువు ఉన్నవి తక్కువే.

అయినా అన్నిచోట్లా లేకపోవడానికి కారణం ఖర్చు, సిబ్బంది. స్కానర్‌తో పాటు దానిని నడిపేవారు, చదివేవారు కావాలి. వాహనం అందుబాటులో ఉన్న పరిధిలోనే రోగులు తగినంతమంది ఉండాలి. జనం దట్టంగా ఉన్న నగరాలలో ఇది సాధ్యమే గాని, ఊళ్ళు దూరదూరంగా ఉన్నచోట అంత ఖర్చుకు తగిన ఫలితం రాకపోవచ్చు.

మామూలు అంబులెన్స్ చేయగలిగినది కూడా తక్కువేమీ కాదు. పారామెడిక్ మొట్టమొదట వేలి కొసన రక్తపు చుక్క తీసి గ్లూకోమీటర్‌తో చక్కెర చూస్తాడు. చక్కెర బాగా పడిపోయినప్పుడు అచ్చం పక్షవాతంలాగే ఒకవైపు చచ్చుబడవచ్చు, అలాంటివారికి గ్లూకోజ్ ఎక్కిస్తే కొద్దిసేపటిలోనే మామూలవుతారు. అరచేతిలో ఇమిడే ఆ చిన్న మీటరు, ఎన్నో ఖరీదైన పరికరాలకన్నా ఎక్కువ నిర్ణయాలను మారుస్తుంది. ఆ తరువాత లక్షణాలకు మార్కులు వేసి తీవ్రత అంచనా కట్టి, ఆసుపత్రికి ముందే కబురు చేస్తే, రోగి దిగేసరికి స్కాన్ గది ఖాళీగా ఉంచుతారు.

ప్రశ్న: ప్రమాదాలలో రక్తం పోతున్నవారికి అంబులెన్స్‌లో ఏమి చేస్తారు? అక్కడే రక్తం ఎక్కించవచ్చా?

జవాబు: మొదటి పని రక్తస్రావాన్ని ఆపడం. చేతికో కాలికో తగిలిన గాయం నుంచి గట్టిగా నొక్కినా ఆగనంతగా రక్తం కారుతుంటే గాయానికి పైన టోర్నికె అనే పట్టీ బిగిస్తారు. దానివల్ల అవయవం పోతుందన్న భయంతో చాలాకాలం పక్కన పెట్టారు. యుద్ధరంగాల అనుభవం ఆ భయం చాలావరకు అనవసరమని చూపిన తరువాత అది తిరిగి అంబులెన్స్‌లోకి వచ్చింది. బిగించిన సమయాన్ని తప్పక రాసి ఉంచుతారు.

రెండోది ట్రానెగ్జామిక్ యాసిడ్. శరీరం కట్టిన రక్తపు గడ్డ మళ్ళీ కరిగిపోకుండా ఇది కాపాడుతుంది. 40 దేశాలలో 20,000 మందికి పైగా క్షతగాత్రులతో జరిపి 2010లో ప్రకటించిన పరిశోధనలో మరణాలు తగ్గాయి. గాయం తగిలిన 3 గంటలలోపు, వీలైతే మొదటి గంటలోనే ఇవ్వాలి. ఆలస్యంగా ఇస్తే మేలుకు బదులు కీడు జరగవచ్చు. మందు చవక, నిల్వ ఉంచడం తేలిక, పారామెడిక్ చేతిలో ఉండదగిన మందుకు కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయి.

రక్తం పోయినవారిలో నరాలు ముడుచుకుపోయి సూది దొరకదు. అప్పుడు బ్యాటరీతో తిరిగే చిన్న డ్రిల్లుతో మోకాలి కింది ఎముకలోకో, భుజపు ఎముకలోకో సూది దించి, ఎముక మజ్జ ద్వారా ద్రవాలు, మందులు ఎక్కిస్తారు. చూసేవారికి భయం గొలుపుతుంది కాని, కొన్ని క్షణాలలో దారి దొరుకుతుంది. అలాగని నరం దొరికేచోట కూడా ఎముకనే ఎంచుకోవడం వల్ల లాభం లేదు. గుండె ఆగిన రోగులలో ఈ రెండు దారులనూ పోల్చి 2024లో ఐరోపాలో ప్రకటించిన పరిశోధనలలో ఫలితాలు దాదాపు సమానంగానే ఉన్నాయి.

ఇక రక్తం ఎక్కించడం. కొన్ని హెలికాప్టర్ అంబులెన్స్‌లలో, కొన్ని రోడ్డు వాహనాలలో చల్లగా భద్రపరిచిన ఎర్రకణాలు, ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ఉంటున్నాయి. దీని మీద రుజువులు ఒక దారిన లేవు. హెలికాప్టర్లలో ప్లాస్మా ఇచ్చిన అమెరికా పరిశోధన 2018లో మరణాలు తగ్గాయని చెప్పింది, బ్రిటన్‌లో జరిపి 2022లో ప్రకటించిన మరో పరిశోధనలో సెలైన్ కన్నా రక్త ఉత్పత్తులు మెరుగని తేలలేదు. ఆసుపత్రి ఎంత దూరం అన్నదాని మీదే బహుశా ఇది ఆధారపడి ఉంటుందని నేననుకుంటున్నాను. కడుపులో రక్తం చేరిందేమో చూసే చేతి అల్ట్రాసౌండ్‌కూ ఇదే మాట వర్తిస్తుంది. శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి నేరుగా వెళ్ళాలన్న నిర్ణయానికి అది తోడ్పడితే మంచిదే. బొమ్మ కోసం బండి ఆపితే మాత్రం రోగికి నష్టం.

ప్రశ్న: వీడియో ద్వారా వైద్యుడే అంబులెన్స్‌లోకి చూస్తుంటే పారామెడిక్‌కు ప్రత్యేక శిక్షణ ఎందుకు?

జవాబు: చూడగలగడం, చేయగలగడం ఒకటి కాదు గనుక. జర్మనీలోని ఆకెన్ నగరంలో 2014 నుంచి దూరవైద్యుడి సేవ నిత్యవ్యవహారంగా సాగుతున్నది. అంబులెన్స్‌లోని మానిటర్ అంకెలు, ఈసీజీ, కెమెరా దృశ్యం వైద్యుడి తెరమీదికి వస్తాయి, ఆయన చెప్పిన మందును పారామెడిక్ ఇస్తాడు. నొప్పికి బలమైన మందు ఇవ్వవలసి వచ్చినప్పుడు, ఆసుపత్రికి తీసుకువెళ్ళాలా వద్దా అని సందేహించినప్పుడు ఇది గొప్ప ఆసరా. కాని సూది వేసే చెయ్యి, గొంతులో అడ్డుపడినదాన్ని తీసే చెయ్యి, రోగి చెమటనూ చూపునూ చదివే కన్ను వాహనంలోనే ఉండాలి. సొరంగంలోనో, కొండల మధ్యనో సంకేతం తెగిపోయినప్పుడు నిర్ణయం తీసుకోవలసింది కూడా అక్కడున్న మనిషే. సంకేతం లేనప్పుడు ఏమి చేయాలో రాసి ఉంచని దూరవైద్య పథకాన్ని నేను సమర్థించను.

ప్రశ్న: డ్రోన్లు, కృత్రిమ మేధ ఈ రంగంలో నిజంగా పనికివస్తున్నాయా, లేక ప్రచారమేనా?

జవాబు: డ్రోన్ సంగతిలో ఆశకు ఆధారం ఉంది. ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం రెండూ లేకుండా గడిచే ఒక్కొక్క నిమిషానికీ, గుండె ఆగిన మనిషి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అందుకని ఎవరైనా వాడగల స్వయంచాలక డీఫిబ్రిలేటర్‌ను అంబులెన్స్‌కంటే ముందే డ్రోన్ ద్వారా చేరవేసే ప్రయత్నం స్వీడన్‌లో జరుగుతున్నది. 2021 డిసెంబరులో అక్కడి ట్రోల్‌హెట్టాన్ పట్టణంలో, 71 ఏళ్ళ వ్యక్తి మంచు తీస్తూ కుప్పకూలినప్పుడు, కబురు అందిన మూడు నిమిషాలు దాటీ దాటకముందే డ్రోన్ యంత్రాన్ని తెచ్చింది. అదే దారిన వెళుతున్న ఒక వైద్యుడు అప్పటికే ఛాతీ నొక్కుతున్నారు. ఆ యంత్రంతో షాక్ ఇచ్చారు, ఆయన బతికారు. అక్కడ నొక్కే మనిషి లేకపోతే డ్రోన్ ఒక్కటీ చేయగలిగింది తక్కువ.

కృత్రిమ మేధ విషయంలో కోపెన్‌హాగన్ అనుభవం ఆలోచింపజేస్తుంది. అత్యవసర ఫోన్ సంభాషణను విని గుండె ఆగిన సందర్భాలను గుర్తించే ప్రోగ్రామ్, పాత రికార్డుల మీద పరీక్షించినప్పుడు ఫోన్ ఎత్తిన సిబ్బందికంటే త్వరగా గుర్తించింది. నిజమైన ఫోన్లమీద దాని హెచ్చరికను సిబ్బందికి చూపించి 2021లో ఫలితాలు ప్రకటిస్తే, సిబ్బంది గుర్తించడంలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదు. ప్రోగ్రామ్ సరిగా చెప్పినా, అవతలివారి కంగారును వింటూ మాట్లాడుతున్న మనిషి ఆ మాటను నమ్మి తన ప్రశ్నలను మార్చుకోవాలి కదా. పరిశోధన జరగవలసింది ఇప్పుడు ఆ చోటనే.

ప్రశ్న: ఇంత పరిజ్ఞానం వచ్చాక, ఇంట్లో ఉన్నవాళ్ళం మేము చేయవలసింది ఏమైనా మిగిలిందా?

జవాబు: చాలా మిగిలింది. చాలా దేశాలలో స్మార్ట్‌ఫోన్ నుంచి అత్యవసర నంబరుకు ఫోన్ చేసిన వెంటనే, ఫోన్ ఉన్న స్థానం తనంతట తానే కేంద్రానికి చేరే ఏర్పాటు ఉంది. అయినా అపార్ట్‌మెంట్‌లో ఏ అంతస్తో, గేటు ఎటువైపో అది చెప్పదు. ఒకరు కిందికి దిగి నిలబడండి, లిఫ్టు ఆపి ఉంచండి. రోగి రోజూ వేసుకునే మందుల చీటీ, పాత ఈసీజీ ఉంటే అది చేతికందేలా పెట్టండి. రక్తం పలచబడే మందు వాడుతున్న సంగతి పక్షవాతం వచ్చినప్పుడు మొత్తం చికిత్సనే మార్చగలదు. కుప్పకూలిన మనిషి స్పందించకుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, అవతలివారు చెప్పినట్టు ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. అంబులెన్స్ చేరేవరకు ఆపవద్దు.

పక్షవాతం అనుమానం ఉన్నప్పుడు, రోగిని చివరిసారి ఎప్పుడు మామూలుగా చూశారో గుర్తుచేసుకుని ఆ సమయాన్ని కాగితం మీద రాసి పారామెడిక్‌కు ఇవ్వండి. నిద్రలేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, లేచిన సమయం కాదు, రాత్రి పడుకోబోయేముందు మామూలుగా ఉన్న సమయం రాయాలి. ఇంజెక్షన్ ఇవ్వవచ్చా లేదా అన్న లెక్క ఆసుపత్రిలో అక్కడి నుంచే మొదలవుతుంది.